రాగి నేల మీద అప్పు ఖాతా

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం ‘ఆఫ్రికాలో వ్యాపార అవకాశాలు’. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. ఇక్కడ ఉన్నవాణ్ని పట్టుకుని ‘ఆసియాలో వ్యాపారం గురించి చెప్పు’ అంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. అందుకని ఆయన అనుమతితో అంశాన్ని కుదించుకుంటున్నాను. నాకు తెలిసింది జాంబియా. అందులో కాపర్‌బెల్ట్ అనే రాగి గనుల ప్రాంతం. అందులోనూ కిట్వే పట్టణం. 1998లో ఉద్యోగానికి వెళ్లాను, 2006 నుంచి సొంత వర్క్‌షాపు నడుపుతున్నాను. కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాం, పంపులు బాగుచేస్తాం. మన బజార్లో బోరు మోటార్లు కట్టే షాపు మీ అందరికీ తెలుసు. ఎండాకాలం వోల్టేజీ పడిపోయి మోటార్లు కాలినప్పుడు దాని ముందు రైతులు వరస కట్టేవారు, వీధి చివరిదాకా వార్నిష్ వాసన వచ్చేది. మాదీ అదే పని. మోటారు సైజు మాత్రం పెద్దది, తెచ్చేది రైతు కాదు, గని.

ముందు దేశం సంగతి రెండు ముక్కల్లో. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా వైశాల్యంలో జాంబియాకు సగం రావు. జనాభా మాత్రం రెండు కోట్ల చిల్లర. చుట్టూ ఎనిమిది దేశాలు, ఎటు చూసినా సముద్రం లేదు. 1964 అక్టోబరు 24న స్వాతంత్ర్యం వచ్చింది. 70కి పైగా తెగలున్నా అంతర్యుద్ధం జరగలేదు. 1991లో, 2011లో, 2021లో అధికారంలో ఉన్నవారు ఓట్లలో ఓడి దిగిపోయారు. ఆఫ్రికా అనగానే తుపాకులు ఊహించుకునేవారికి ఈ మాట చెప్పాలి. ఆఫీసు భాష ఇంగ్లీషు. 1994 నుంచి విదేశీ మారకం మీద ఆంక్షలు లేవు, సంపాదించింది పన్ను కట్టి ఇంటికి పంపుకోవచ్చు. ఈ సౌకర్యం ఆ ఖండంలో చాలా చోట్ల లేదు.

ఎగుమతుల ద్వారా వచ్చే ప్రతి 100 డాలర్లలో 70 దాకా రాగివే. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది.

రాగి ధర జాంబియాలో తేలదు, లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో తేలుతుంది. నేను వర్క్‌షాపు పెట్టిన 2006లో టన్ను 8,000 డాలర్లు దాటింది. 2008 డిసెంబరులో 3,000 లోపుకు పడింది. 2011 మొదట్లో 10,000 పైన ఉంది. 2016 జనవరిలో 4,500 కంటే తక్కువ. ఈ అంకెలు గనుల యజమానులకే సంబంధించినవి అనుకోకండి. కిట్వేలో టమాటాలు అమ్మే ఆమెకీ ఇవే. గనిలో ఓవర్‌టైము ఆపితే ఆమె గంపలో కాయలు మిగిలిపోతాయి. మీరు మందులషాపు పెట్టినా, ప్రైవేటు బడి పెట్టినా, కోళ్లఫారం పెట్టినా అక్కడ మీ వ్యాపారం రాగి వ్యాపారమే. కొత్తగా వచ్చే మనవాళ్లు ‘మాకు గనులతో పని లేదండీ’ అంటుంటారు. ఒక్క ధర పతనం చూస్తే ఆ మాట మానేస్తారు.

రెండో సంగతి, ఒక చిన్న లెక్క. మా లెక్కల మాస్టారు ఎదురుగా ఉన్నారు కాబట్టి జాగ్రత్తగా చెబుతాను. నేను 100 రూపాయల బేరింగులు, ఎనామిల్ తీగ, ఇన్సులేషన్ సామాను ముంబయి నుంచి తెప్పించాననుకోండి. డబ్బు ముందే కట్టాలి. ఓడ దార్-ఎస్-సలాం రేవుకు చేరి, సరుకు దిగి, లారీ ఎక్కి, టాంజానియా అంతా దాటి, నకోండే సరిహద్దులో కాగితాలు తేలి, కిట్వే చేరేసరికి రెండు నెలలు. రేవు నుంచి మా ఊరికి దాదాపు 2,000 కిలోమీటర్లు. ఈ దారిలో ఒక రైలు కూడా ఉంది. దక్షిణాన రొడీషియా తెల్ల ప్రభుత్వంతో చెడి ఆ దారి మూసుకుపోయే పరిస్థితి వచ్చినప్పుడు, 1970 నుంచి 75 దాకా చైనావాళ్లు వేసిన 1,860 కిలోమీటర్ల టజారా లైను. ఎంతో గొప్ప పని. కానీ నా సరుకు ఎప్పుడూ లారీ మీదే వచ్చింది. రైలు ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు నాకు కనపడలేదు.

సరే, సరుకు వచ్చింది. షెల్ఫు మీద సగటున రెండు నెలలు ఉంటుంది. ఎందుకంటే గని మోటారు ఆగినప్పుడు బేరింగు నా దగ్గర ఉండాలి, తెప్పిస్తానంటే ఎవరూ ఆగరు. తరువాత మోటారు కట్టి, పరీక్షించి, పంపి, బిల్లు పెడతాం. ఒప్పందంలో 30 రోజులని ఉంటుంది. మంచిరోజుల్లోనే 90 రోజులు పడుతుంది. మొత్తం కలిపితే జనవరిలో పెట్టిన 100 ఆగస్టులో చేతికి వస్తుంది. అక్కడి బ్యాంకు వడ్డీ 2015 తరువాత 25 శాతం దాటింది. ఏడు నెలలకు 15 రూపాయల వడ్డీ. డాలర్లతో కొని స్థానిక డబ్బు క్వాచాల్లో బిల్లు పెడితే ఇంకో గండం. 2015 మొదట్లో డాలరుకు ఆరున్నర క్వాచాలు. ఆ నవంబరులో 14 దగ్గరకు వెళ్లింది. 100 పెట్టినవాడికి 50 కూడా తిరిగి రాలేదు. డాలర్లలోనే బిల్లు వేయొచ్చు కదా అంటారు.  2012 నుంచి 2014 మార్చి దాకా దేశం లోపల అమ్మకాలకు డాలరు ధర రాయటమే నేరం.

గనిలో ఎంత రాగి ఉందో అందరూ అడుగుతారు. చేసిన పనికి డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది, అన్నాళ్లు నిలబడటానికి మీ దగ్గర ఏముంది అని ఎవరూ అడగరు. అక్కడ మునిగినవాళ్లలో పని రానివాళ్లను నేను తక్కువ చూశాను. బీరువా నిండా బిల్లులు, బ్యాంకులో సున్నా, అలా మునిగినవాళ్లే ఎక్కువ. మన ఊళ్లో పురుగుమందుల షాపువాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. రైతుకు అరువిచ్చి పంటదాకా కూర్చోవటం వాళ్లకు తెలుసు. ఆ షాపు నడిపినవాడు కిట్వేలో నడపగలడు. బీటెక్ ఒక్కటే ఉన్నవాడు నడపలేడు.

2015 గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఆ ఏడు అన్నీ ఒకేసారి వచ్చాయి. ధర పడింది. అంతకు ముందే గనులకు రావలసిన వ్యాట్ వాపసు ప్రభుత్వం ఆపింది. కారణం వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. రాగి ఏ దేశం చేరిందో ఆ దేశపు దిగుమతి కాగితం చూపిస్తేనే వాపసు అని నిబంధన. రాగిని కొనేది స్విట్జర్లాండ్ వ్యాపారి, అది దిగేది ఇంకెక్కడో, మధ్యలో చేతులు మారుతుంది. గని ఆ కాగితం ఎక్కణ్నుంచి తెస్తుంది? ఆగిపోయిన సొమ్ము వందల మిలియన్ల డాలర్లు. 2015 ఫిబ్రవరిలో ఆ నిబంధన సడలించారు. ఈలోగా జనవరిలో రాయల్టీ పెంచారు. తవ్వి తీసిన రాగి విలువ మీద ఓపెన్‌కాస్టు గనులకు 20 శాతం, భూగర్భ గనులకు 8. గనులు మొత్తుకుంటే జులైలో 9కి, 6కి దించారు. ఆరు నెలల్లో రెండు పన్నులు. రాయల్టీ అంటే లాభం వచ్చినా నష్టం వచ్చినా కట్టాల్సిందే. ‘మా రాగి మీరు తీసుకెళ్తున్నారు, మీ లెక్కల పుస్తకంలో లాభం ఎప్పుడూ కనపడదు’ అన్నది ప్రభుత్వం వాదన. అందులో న్యాయం లేదని నేను అనలేను. కానీ నిబంధన మారిన ప్రతిసారీ గని మొదట చేసే పని ఒకటే, మాలాంటి చిన్న కాంట్రాక్టర్ల చెల్లింపులు ఆపటం.

పైగా వానలు లేవు. అప్పట్లో ఆ దేశపు కరెంటంతా దాదాపు నీటిదే. జాంబెజీ నది మీద కరిబా జలాశయం, నిలవ నీటి లెక్కన ప్రపంచంలో మనిషి కట్టినవాటన్నిటిలో పెద్దది, అడుగంటింది. రోజుకు 8 గంటలు కోత. అక్టోబరు 18న దేశాధ్యక్షుడు జాతీయ ప్రార్థన దినం ప్రకటించారు, క్వాచా కోలుకోవాలని. బార్లు మూశారు, ఫుట్‌బాల్ మ్యాచులు ఆపారు. ఇక్కడ నవ్వుతున్నారు కానీ ఆ రోజు కిట్వేలో ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నా దగ్గర 46 మంది పనిచేస్తున్నారు. ఒక పెద్ద కాంట్రాక్టరు, పేరు అనవసరం, అయిదు నెలల బిల్లులు ఆపాడు. నా దగ్గర రెండు నెలల జీతాలకు డబ్బుంది. 2008 పతనంలో పక్క ఊరు లువాన్‌ష్యాలో గని మూతపడటం చూశాను కాబట్టి ఆ మాత్రమైనా దాచాను. జీతాల పట్టిక ముందు పెట్టుకుని లెక్క వేస్తే పదిమందిని పంపాలని తేలింది. ఆ మాట చెప్పటానికి మా పెద్ద వైండరును పిలిచాను. అరవై దాటిన మనిషి. అందరూ ఆయన్ని ‘బషికులు’ అంటారు, బెంబా భాషలో తాతగారు అని. ప్రభుత్వ గనుల రోజుల్లో పని నేర్చినవాడు. ఆ కంపెనీ తన మనుషులకు ఇల్లు, ఆసుపత్రి, బడి, ఫుట్‌బాల్ జట్టు అన్నీ ఇచ్చేది. 1969లో 7 లక్షల టన్నులకు పైగా తీసిన దేశం, 2000 నాటికి రెండున్నర లక్షల దగ్గరకు వచ్చింది. గనుల్ని ముక్కలు చేసి అమ్మారు. అప్పుడు ఉద్యోగం పోయిన వేలమందిలో ఈయన ఒకడు.

ఆయన నా పట్టిక చూడలేదు. ‘పదిమంది అంటే పదిమంది కాదు, ఒక్కొక్కరి వెనక ఎనిమిది మంది తింటారు. అందరికీ వారానికి నాలుగు రోజులు పని పెట్టండి, మనుషులతో నేను మాట్లాడతాను’ అన్నాడు. తరువాత ఇంకో మాట అన్నాడు. ‘గని ఆగినా జనం తిండి ఆపరు. చిగాయోలు తిరుగుతూనే ఉన్నాయి.’ చిగాయో అంటే మొక్కజొన్న మర. అక్కడి తిండి న్షిమా, మొక్కజొన్న పిండి సంకటి. సీమవాళ్లకు చెప్పక్కర్లేదు, ముద్ద కట్టి కూరలో అద్దుకుని తింటారు. పేటపేటకూ ఒక మర, దానికొక మోటారు. కోత తరువాత కరెంటు వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరి ఆ మోటార్లు కాలిపోతున్నాయి. సరిగ్గా మన ఊరి ఎండాకాలమే.

గని మోటారు ముందు పది హార్స్‌పవర్ మర మోటారు పెద్ద బేరం కాదు. కానీ మరవాడు మధ్యాహ్నం మోటారు తెచ్చి, మర్నాడు నోట్లు లెక్కపెట్టి తీసుకుపోతాడు. ఏడు నెలలు ఆగక్కర్లేదు. తరువాత మకూషి వైపు వెళ్లాం, అది పెద్ద రైతులుండే ప్రాంతం. గోధుమకు నీళ్లు పెట్టే పంపులు. ఆ కాంట్రాక్టరు దగ్గరకు రోజూ వెళ్లి కూర్చున్నాను, కోర్టు మాట ఎత్తలేదు. చివరికి బాకీలో కొంత కింద వాళ్ల యార్డులో పడి ఉన్న అరవై చచ్చిన మోటార్లు ఇస్తానన్నాడు. తీసుకున్నాను. అవి విప్పి, కట్టి, రంగు వేసి రైతులకు అమ్మాం. మాకూ పగలు కరెంటు లేదు కాబట్టి రాత్రిళ్లు పనిచేశాం. రాత్రి పదింటికి కరెంటు వస్తే తెల్లారి నాలుగు దాకా. ఆడవాళ్లు వంట చేసి తెచ్చేవారు. న్షిమా, ఎండు కపెంటా చేపల కూర. కపెంటా అంటే కరిబాలో దొరికే చిన్న చేపలు, మన నెత్తళ్లలాగే ఉంటాయి. 14 నెలలు అలా గడిచాయి. ముగ్గురు వేరే పని దొరికి తమంతట తామే వెళ్లారు. ఎవరినీ నేను పంపలేదు. ఆ బాకీలో మూడో వంతు ఇప్పటికీ రాలేదు, ఇక రాదు కూడా.

అప్పటి నుంచి గనుల పని సగానికి మించనివ్వను. ఇప్పుడు మళ్లీ ధర 10,000 దాటింది, గనులు పని పెంచుతున్నాయి, నా దగ్గరి కుర్రవాళ్లు ‘అంకుల్, ఇంకా ఎందుకు ఈ మర మోటార్లు’ అంటారు. కట్టండ్రా అంటాను.

గనుల పని వద్దని కాదు. అది గొప్ప పని. కొంకోలా గని గురించి వినండి, ప్రపంచంలో నీళ్లు ఎక్కువ ఊరే గనుల్లో అదొకటి. రోజుకు 3 లక్షల ఘనపు మీటర్లకు పైగా, అంటే 30 కోట్ల లీటర్లు, భూమి లోపలి నుంచి తోడి పోస్తూనే ఉండాలి. పంపులు ఆగితే గని మునుగుతుంది, కింద మనుషులుంటారు. అలాంటి చోటికి వెళ్లే మోటారు కట్టేటప్పుడు చేతులు వేరేగా కదులుతాయి. ఒక్క చుట్టు తప్పినా, ఒక్క స్లాటులో కాగితం చిరిగినా కాయిల్ అంతా విప్పమంటాడు బషికులు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన దగ్గర నేర్చిన అమ్మాయి ఇప్పుడు మా టెస్టింగ్ బెంచి చూస్తుంది. ఆమె సంతకం లేకుండా మోటారు గేటు దాటదు. నేను చెప్పినా దాటదు.

మా సోషల్ మాస్టారు నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక ప్రశ్న వేశారు. ‘ఒరే, ఇంత రాగి పోతుంది కదా, వాళ్లకు మిగిలేది ఏమిటి?’ తినటం ఆపి ఆలోచించాను, అప్పుడు సగమే చెప్పాను. మిగతాది ఇప్పుడు చెబుతాను మాస్టారూ.

రాగి పలకలుగా పోతుంది, 99.99 శాతం శుద్ధమైనది. లారీల మీద, పట్టీలు కట్టి. అది ఎక్కడో తీగగా మారి, దాని మీద ఎనామిల్ ఎక్కి, నా వర్క్‌షాపుకు ఓడ మీద తిరిగి వస్తుంది. నా కిటికీలోంచి చూస్తే గని కనిపిస్తుంది. నా చేతిలో తీగ మాత్రం రెండు నెలలు ప్రయాణం చేసి వచ్చింది. దేశంలో తయారీ అసలు లేదని కాదు, లువాన్‌ష్యాలో కేబుళ్ల ఫ్యాక్టరీ చాలా ఏళ్లుగా ఉంది. కానీ తీసే రాగిలో అది ఏపాటి? పలకకూ తీగకూ మధ్య ఉన్న కూలి, లాభం, పనితనం బయట మిగులుతాయి. ప్రభుత్వానికి రాయల్టీ, పన్ను, కొన్ని గనుల్లో చిన్న వాటా మిగులుతాయి. అవి ధర బాగున్న రోజుల్లో వస్తాయి. ధర బాగుందని 2012లో 75 కోట్ల డాలర్లు, 2014లో 100 కోట్లు, 2015లో 125 కోట్లు విదేశీ మార్కెట్లో బాండ్లు అమ్మి అప్పు తెచ్చారు. రోడ్లు వేశారు, నేనూ ఆ రోడ్ల మీదే తిరుగుతున్నాను. 2020 నవంబరులో వడ్డీ కట్టలేకపోయారు. అప్పుల సర్దుబాటు తేలటానికి 2024 దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో మంచినీటి సంస్థలకు పంపులు కట్టినవాళ్లం అందరం మళ్లీ బీరువా నింపుకున్నాం.

అందుకని మిగిలేది నాకు కనిపించినంతవరకు పనితనం. ఒక వైండరు తయారవటానికి నాలుగేళ్లు పడుతుంది. గని అమ్ముడుపోయినా అతని వేళ్లు అతనివే. మా దగ్గర నేర్చి బయటకు వెళ్లి సొంత షాపులు పెట్టినవారు ఏడుగురు. వారిలో ఇద్దరు నాకు గట్టి పోటీ, ధర తగ్గించి నా రైతుల్ని తీసుకుపోతున్నారు. మొదట్లో మా మనవాళ్లు నన్ను హెచ్చరించారు, ‘అంతా నేర్పకు, ఆఖరి పని నీ చేతిలో పెట్టుకో’ అని. నేర్పకుండా 46 మంది పని నేనొక్కణ్ని ఎలా చేస్తాను? పైగా ఈ వేదిక మీద ఉన్నవారు మాకు ఏదీ దాచుకుని నేర్పలేదు.

నేర్పటం అంటే గుర్తొచ్చింది. ఒక గని ఆఫీసులో కొనుగోళ్ల అధికారి, పెద్ద వయసాయన, నా బిల్లు చూడకుండా ‘ఇండియాలో ఎక్కడ’ అని అడిగాడు. చెప్పాను. ‘నాకు లెక్కలు చెప్పింది ఇండియా మాస్టారు, అరటిపండు తింటూ చెప్పేవాడు, తప్పు చేస్తే తొక్కతో కొట్టేవాడు’ అని నవ్వాడు. 1970ల్లో, 80ల్లో మన దేశం నుంచి చాలామంది టీచర్లు జాంబియా బడుల్లో పనిచేశారు. వాళ్ల శిష్యులు ఆఫీసర్లయ్యారు. నేను ఏ గదిలోకి వెళ్లినా నాకంటే ముందు ఒక మాస్టారు వెళ్లి మంచిపేరు పెట్టి వచ్చారు. గుజరాతీ వ్యాపారులైతే 20వ శతాబ్దం మొదట్లోనే వెళ్లారు. నేను మొదట ఉద్యోగం చేసింది అలాంటి కుటుంబం దగ్గరే. అరువు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది నాకు కాలేజీలో కాదు, వాళ్ల గల్లాపెట్టె పక్కన వచ్చింది.

మన తెలుగువాళ్ల గురించి ఒక మాట, కొంచెం కటువుగా ఉంటుంది, మన్నించండి. మనవాళ్లు కొందరు పదేళ్లు అక్కడ ఉండి కూడా ఒక్క జాంబియా ఇంట్లో ముద్ద తినలేదు. పనివాళ్లను పేరు పెట్టి పిలవరు, రంగు పెట్టి తమలో తాము తెలుగులో అనుకుంటారు, ఎదుటివాడికి అర్థం కాదనుకుని. గొంతు ఏ భాషలోనైనా అర్థమవుతుంది. అక్కడ పలకరింపు లేకుండా పని మొదలవదు. ‘ములి షాని’, ఎలా ఉన్నారు. ‘బ్వినో’, బాగున్నాం. ఇల్లు, పిల్లలు, వానలు, అన్నీ అడిగాకే బిల్లు సంగతి. మన పల్లెల్లోనూ మొన్నమొన్నటి దాకా ఇలాగే ఉండేది కదా. చావుకు వెళ్లకపోతే అసలు క్షమించరు. పనివాడి ఇంట్లో ఎవరైనా పోతే పెట్టెకు, పిండికి, బండికి యజమాని సాయం చేయాలి. నేను వెళ్లిన కొత్తలో ఎయిడ్స్ మూలంగా వారానికొక అంత్యక్రియ ఉండేది. మంచి వైండర్లు ఇద్దర్ని ముప్పయ్యేళ్లు నిండకుండానే మట్టి చేశాం. మందులు ఉచితంగా అందటం మొదలయ్యాక ఆ రోజులు పోయాయి.

లంచాల గురించి నిన్న ఒక తమ్ముడు అడిగాడు. ఉన్నాయి. మన దగ్గర లేనట్టు మాట్లాడటం మాత్రం నాకు నచ్చదు. కాగితాలు సరిగా ఉన్నవాడికి సగం బాధ తప్పుతుంది. పర్మిట్టు లేకుండా విజిటర్ వీసా మీద వచ్చి ‘చూద్దాంలే’ అనే వాడికి ప్రతి మలుపులోనూ చెయ్యి తడపాల్సి వస్తుంది.

ఇంకో మాట. వాట్సాపులో ఆఫ్రికా బంగారం సగం ధరకు, పచ్చరాళ్లు కిలోల లెక్కన అని వస్తుంటాయి. మన జిల్లావాళ్లు ఇద్దరు నాకు తెలిసి ఇల్లు అమ్ముకున్నంత పనయింది. జాంబియాలో పచ్చలు నిజంగానే ఉన్నాయి. మా ఊరికి దగ్గరలోని లుఫ్వన్యామా ప్రాంతంలోనే ప్రపంచంలో పెద్ద పచ్చల గనుల్లో ఒకటి ఉంది. ఆ రాళ్లు జైపూర్‌లో సానబడతాయి. అవి అమ్మే పద్ధతి వేలం, కొనేవాళ్లు తరతరాల జైపూర్ వ్యాపారులు. మీ గెస్ట్‌హౌసు తలుపు తట్టి రుమాల్లో చూపించేవి సీసా పెంకులు. తలుపు తీయకండి.

వెళ్లాలనుకునే పిల్లలకు నేను చెప్పేది: మొదట డబ్బు పట్టుకుని రావద్దు. రెండేళ్లు ఎవరి దగ్గరైనా ఉద్యోగం చేయండి, ఒక వానాకాలం, ఒక కోతల కాలం చూడండి. ఏ పని పెట్టినా జనం నోట్లు ఇచ్చి కొనే భాగం ఒకటి అందులో ఉండేట్టు చూసుకోండి. ఆరు నెలల జీతాలు పక్కన లేకుండా మొదలుపెట్టకండి. దోమతెర మర్చిపోకండి, మలేరియాతో వేళాకోళం పనికిరాదు.

2024లో మళ్లీ కరవు వచ్చింది. 2015లో 8 గంటలన్న కోత ఈసారి కొన్నిచోట్ల రోజుకు 17 గంటలు దాటింది. మరలవాళ్లు సోలారు పెట్టుకుంటున్నారు, దానికి తగ్గ మోటార్లు మేమింకా నేర్చుకుంటున్నాం. మా టెస్టింగ్ బెంచి అమ్మాయి ఆ పని నేర్చుకోటానికి వచ్చే జనవరిలో హైదరాబాదు వస్తోంది. మూడు వారాలు ఉంటుంది. సంక్రాంతికి ఆమెను ఇక్కడికి తీసుకొస్తాను. మన బజార్లో మోటార్ల షాపు చూడాలని చాలా రోజులుగా అడుగుతోంది. ఆ షాపు ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడని విన్నాను, నిన్న వెళ్తే తాళం వేసి ఉంది. ఎవరి దగ్గరైనా అతని నంబరు ఉంటే భోజనాల దగ్గర నాకివ్వండి.